మీటరు చెప్పని సంగతులు
ఇల్లు – ఇంటివారు (నెలనెలా శీర్షిక)



ప్రార్థన, పిల్లల పెంపకము, వివాహము వంటి సంగతులు వ్రాసే ఈ శీర్షికలో కార్ల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణమున్నది. మా సంఘములో కొన్నేళ్లుగా ఒక కొత్త అలవాటు చూస్తున్నాను. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉద్యోగము చేసుకుంటున్న మన పిల్లలు క్రిస్మసుకు, ఈస్టరుకు ఊరికి కారులో వస్తున్నారు. కొత్త కారు కాదు. పదేళ్లో పన్నెండేళ్లో నడిచిన మారుతీ, వ్యాగన్ ఆర్, శాంత్రో వంటివి. మందిరము ముందు వేపచెట్టు నీడన ఆపి, తాళము నా చేతిలో పెట్టి, "అయ్యగారూ, బండికి ప్రార్థన చేయండి" అంటారు. సంతోషముగా చేస్తాను. చేసేముందు మాత్రము, "ఆర్.సి. ఎవరి పేరున ఉంది బాబూ?" అని అడుగుతాను. అప్పుడు చాలామంది నేల చూపులు చూస్తారు. "మార్పించాలండీ, టైము దొరకలేదు" అంటారు.

ఈమధ్య ఒక సహోదరుడు తన కుమారుని విషయమై వచ్చాడు. కొడుకు కూకట్‌పల్లిలో కాపురము, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగము. భార్య, ఏడాదిన్నర పాప. వానాకాలము బైకు మీద ఆ రోడ్డున లారీల మధ్య పోవడము ప్రమాదమని, సెకండ్ హ్యాండ్ కారు ఒకటి చూశాడు. ధర 1,20,000 రూపాయలు. కొడుకు దగ్గర సగము ఉంది. మిగతా 60,000కు తండ్రి గేదెను అమ్మాలా, నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలా అన్నది సమస్య.

"అన్నా, ముందు కూర్చో, లెక్క వేద్దాము" అన్నాను. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి లూకా 14వ అధ్యాయములో ఉన్నది. కారు కొనేవారు ఆ మాటను సగమే పాటిస్తారని నా అభిప్రాయము. కొనే ధర లెక్క చూస్తారు, నడిపే ఖర్చు చూడరు.

రానుపోను రోజుకు 35 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు పనికి వెళ్తే 875 కిలోమీటర్లు. ట్రాఫిక్కులో పాత చిన్న కారు లీటరుకు 14 ఇచ్చినా గొప్పే. అంటే 62 లీటర్ల పైమాట. లీటరు 107 రూపాయల చొప్పున వేసుకుంటే సుమారు 6,700. అప్పు 60,000కు నెల వడ్డీ 1,200, అసలు కాక. పాత బండికి టైర్లు, బ్యాటరీ, క్లచ్చు, బ్రేకులు ఏదో ఒకటి వస్తూనే ఉంటాయి. నెలకు 1,500 పక్కన పెట్టాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 1000 సి.సి. లోపు కారుకు 2022లో ప్రకటించిన రేటు ప్రకారము ఏడాదికి 2,094, పన్ను అదనము. నెలకు 250 అనుకుందాము. మొత్తము 9,650. పన్నెండు నెలలకు 1,15,800. అంటే కారు ఖరీదు ఎంతో, ఏడాదిలో దాదాపు అంత మళ్లీ కట్టినట్లే. అదే దూరము బైకు మీద పోతే పెట్రోలుకు నెలకు 2,000 చాలు.

ఆ సహోదరుడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే వద్దంటారా?" అన్నాడు.

వద్దని నేననలేదు. ఉప్పల్‌లో ఉండి హైటెక్ సిటీలో పనిచేసే అబ్బాయి అడిగితే, నాగోలు నుండి రాయదుర్గం దాకా మెట్రో ఒకే దారిన ఉన్నది గదా, రోజూ పనికి పోవడానికి కారు ఎందుకు అందును. కాని ఆ మెట్రో ఇటువైపు మియాపూర్‌తో ఆగిపోతుంది. పటాన్‌చెరు ఇంకా దూరము. చిన్నబిడ్డను ముందు కూర్చోబెట్టుకొని వానలో బైకు మీద పోయే కుటుంబానికి, పాతదైనా నాలుగు చక్రాలూ పైన కప్పూ ఉండడము అక్కరే. గొప్పకు కొనేది వేరు, అక్కరకు కొనేది వేరు. (పెళ్లిలో అల్లునికి పాత కారైనా పెట్టాలని అడిగే కుటుంబాలు మన సంఘములలోనూ ఉన్నాయి. అది అక్కరా కాదు, గొప్పా కాదు. అది కట్నము. దానికి నేను ప్రార్థన చేయను.)

ఇక ఏ కారు కొనాలన్నది. ఆ అబ్బాయి చూసినవి రెండు. రెండూ పన్నెండేళ్ల బండ్లే. ఒకదాని మీటరు 1,60,000 కిలోమీటర్లు చూపిస్తోంది. రెండవది 42,000. ధరలో పెద్ద తేడా లేదు. ఇంటిల్లిపాది మనసు రెండవదాని మీద ఉంది. ఎవరికైనా ఉంటుంది.

లెక్క చూడండి. పన్నెండేళ్లలో 42,000 అంటే ఏడాదికి 3,500. రోజుకు పది కిలోమీటర్లైనా లేదు. అట్టి బండ్లు లేకపోలేదు. రిటైరైన పెద్దవారు ఆదివారము గుడికి, నెలకోసారి ఆస్పత్రికి తీసిన కారు అలాగే ఉంటుంది. కాని దానికి రుజువు కావాలి. మీటరు అంకె రుజువు కాదు. దానిని వెనక్కి తిప్పడము ఈ రోజుల్లో కొద్దిసేపటి పని. మనిషి కాళ్లు, చేతులు తగిలిన చోట్లను మాత్రము తిప్పలేరు. క్లచ్చు, బ్రేకు పెడళ్ల మీది రబ్బరు అరిగి నున్నగా ఉందా? స్టీరింగు పట్టుకొనే చోట మెరుస్తోందా? డ్రైవరు సీటు అంచు కుంగిందా? టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 3219 అని ఉంటే 2019వ సంవత్సరము 32వ వారములో తయారైనదని అర్థము. 42,000 మాత్రమే తిరిగిందంటున్న బండికి ఇది ఎన్నో జత టైర్లో అడగండి.

అన్నిటికంటె మంచి సాక్ష్యము సర్వీసు రికార్డు. కంపెనీ సర్వీసు సెంటరులో చేయించిన బండి అయితే, ప్రతిసారీ మీటరు ఎంత ఉన్నదో అక్కడ వ్రాసి ఉంటుంది. యజమానిని వెంటబెట్టుకొని వెళ్లి అడగమన్నాను. ఆ అబ్బాయి అడిగాడు. 42,000 చూపిస్తున్న బండి 2021లో సర్వీసుకు వచ్చిన రోజున 1,18,000 చూపించిందట! 1,60,000 బండికి మొదటినుండి ఒకే యజమాని. వరంగల్లు రోడ్డున ఉద్యోగానికి తిరిగినవాడు. ఆయిలు మార్చిన బిల్లులన్నీ సంచిలో పెట్టి ఉంచాడు. పెద్దరోడ్డు మీద నిలకడగా నడిచిన లక్షన్నర కన్నా, ఊరిలో అడుగడుగునా ఆపి తీసిన అరవై వేలు క్లచ్చుకు, బ్రేకులకు ఎక్కువ అరుగుదల. చివరకు ఆ ఎక్కువ తిరిగిన బండినే 1,05,000కు బేరమాడి కొన్నారు. గేదె కొట్టములోనే ఉంది.

చూడడానికి వెళ్లినప్పుడు మన సంఘములో నమ్మకమైన మెకానిక్ ఎవరైనా ఉంటే వెంట తీసుకుపోవడము మేలు. ఆయనకు ఒక పూట కూలి ఇవ్వండి. సహోదరుడే గదా అని ఊరికే తిప్పవద్దు. ఉదయము వెళ్లండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తేనే దాని సంగతి తెలుస్తుంది. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే, ఎందుకు ముందే స్టార్టు చేశారని అడగండి. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నట్లు. ఆయిలు పోసే మూత విప్పితే లోపల మజ్జిగలాంటి తెల్లని జిడ్డు మందముగా ఉంటే, నీళ్లు ఆయిలులో కలుస్తున్నాయేమో చూడాలి. అట్టి ఇంజను చవకగా బాగుపడదు. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడిపితే చక్రాల దగ్గర టకటకమంటే ఆ జాయింట్లు అరిగినట్లు. శాంత్రో, పాత మారుతీ 800 వంటివాటికి ఇంజనులో రబ్బరు టైమింగ్ బెల్టు ఉంటుంది. ఎప్పుడు మార్చారో కాగితము చూపించమనండి. తెగితే బండి నడిరోడ్డు మీద నిలిచిపోతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వులు వంగి పెద్ద ఖర్చు పెడుతుంది. మారుతీ 800 తయారీ 2014 జనవరితోనే ఆగిపోయింది గనుక, ఆ చివరి బండ్లు కూడా ఇప్పుడు పాతవే.

వరదనీటి సంగతి విడిగా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతము ఎట్లా మునిగాయో మనకు తెలుసు. కార్లు కప్పుదాకా నీళ్లలో నిలిచాయి. అట్టి బండిని కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి నిలబెడితే పైకి ఏమీ కనబడదు. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగి చూడండి. చివరి జానెడు మీద బురద మరక ఉంటే దాచలేరు. కాలికింది మ్యాట్ ఎత్తి, సీటు పట్టాల కింద తుప్పు, ఒండ్రు చూడండి. అద్దాలన్నీ మూసి ఐదు నిమిషాలు లోపల కూర్చోండి. ముక్కే చెబుతుంది.

ఇంతవరకు కొనేవారి పక్షముగా వ్రాశాను. అమ్మేవారిలోనూ మనవాళ్లున్నారు. ఒక బుధవారపు ప్రార్థన కూటములో ఒక సహోదరుడు సాక్ష్యము చెప్పాడు. తన పాత కారుకు ఎవరూ 80,000 కూడా ఇవ్వనన్న సమయములో, దేవుడు కృప చూపగా 1,10,000కు అమ్ముడుపోయిందన్నాడు. అందరూ స్తోత్రమన్నారు. కూటము అయ్యాక బయట నిలబడి ఆయనే నాతో, బ్రోకరు మీటరు "కొంచెము సరిచేశాడని" చెప్పాడు. ఆ ముప్పైవేలు దేవుడిచ్చినవి కావు. ఆ కారు కొన్న ఇంటివారి దగ్గరనుండి తీసినవి. వాళ్లు ఎవరో, ఏ ఊరిలో ఏమి అమ్మి ఆ డబ్బు తెచ్చారో మనకు తెలియదు. దొంగ త్రాసు యెహోవాకు ఎంత అసహ్యమో సామెతల గ్రంథము ఒకసారి కాదు, పలుసార్లు చెబుతుంది. మన కాలములో ఆ త్రాసు ఒక్కోసారి స్టీరింగు వెనుక ఉంటుంది. ఆ సహోదరునితో ఈ మాట ముఖాముఖిగానే చెప్పాను. ఆయన ఆ కొన్నవారి ఫోను నంబరు కోసము బ్రోకరు దగ్గరకు వెళ్లాడు. అంతవరకు నాకు తెలుసు.

అదే సామెతల గ్రంథము, 20వ అధ్యాయము, కొనేవానిని కూడా వదలలేదు. బేరమాడేటప్పుడు సరుకు బాగాలేదు, బాగాలేదు అని, తీసుకొని వెళ్లాక చవకగా కొట్టుకొచ్చానని అతిశయపడేవాడు అందులో ఉన్నాడు. అవసరములో ఉండి అమ్ముకుంటున్న విధవరాలి దగ్గర, లేని లోపాలు చూపించి ధర దించేవారు ఆ వచనము చదువుకోవాలి.

ఇప్పుడు కాగితాల మాట. నేను ఈ నెల కలము పట్టింది నిజానికి దీనికోసమే.

మా పొరుగు సంఘములో ఒక రిటైరైన ఉపాధ్యాయుడున్నాడు. 2016లో తన కారును ఒక మధ్యవర్తికి అమ్మాడు. ఖాళీ ఫారముల మీద సంతకాలు పెట్టి, డబ్బు లెక్కపెట్టుకొని, తాళము ఇచ్చేశాడు. పేరు వాళ్లే మార్చుకుంటారన్నారు. ఆ బండి ఇద్దరి చేతులు మారింది. పేరు మారలేదు. ఇన్సూరెన్సు ఎవరూ కట్టలేదు. 2019లో అది ఒక కూలి మనిషిని గుద్దింది, ఆయన చనిపోయాడు. సమన్లు వచ్చింది ఈ మాస్టారుకు. ఆ రోజు ఆయన బండిలో లేడు. ఆ బండిని చూసి మూడేళ్లయింది. అయినా ట్రిబ్యునల్ నష్టపరిహారము ఆయననే చెల్లించమంది. ఆయనకున్నది ఎకరమున్నర మాగాణి.

అన్యాయమనిపిస్తుంది. చట్టము మాత్రము స్పష్టముగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టము సెక్షన్ 2(30) ప్రకారము రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారే యజమాని. ఇటువంటి సంగతే సుప్రీం కోర్టు ముందుకు వచ్చింది. 2007 నుండి ఒకరి తరువాత ఒకరికి చేతులు మారిన కారు, 2009లో ప్రమాదము, ఒక ప్రాణము పోవడము, బండికి ఇన్సూరెన్సు లేకపోవడము. 2018 ఫిబ్రవరి 6న న్యాయస్థానము, రికార్డులో పేరున్న మొదటి యజమానిదే బాధ్యత అని తీర్పు చెప్పింది. కారణము కూడా ఆలోచించదగినదే. చనిపోయినవాని భార్యాబిడ్డలు, బండి ఎవరెవరి చేతులు మారిందో వెదుక్కుంటూ ఊరూరా తిరగాలా? వారికి పుస్తకములో ఉన్న పేరే ఆధారము.

అందువల్ల అమ్మేవారు ఫారము 29, కొనేవారు ఫారము 30. సంతకాలు పెట్టి బ్రోకరు చేతిలో వదిలేయడము కాదు, ఆర్.టి.ఓ. ఆఫీసుకు చేరిందో లేదో మీరే చూసుకోవాలి. ఒకే రాష్ట్రములో అమ్మితే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో తెలియజేయాలని సెక్షన్ 50 చెబుతుంది. బండి మీద బ్యాంకు అప్పు తీరినా ఆర్.సి.లో బ్యాంకు పేరు మిగిలి ఉంటే, బ్యాంకు ఇచ్చే ఎన్.ఓ.సి., ఫారము 35 ముందు తీసుకోవాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజులలో మీ పేరుకు మార్పించండి. ఎదుటివారికి జరిగిన నష్టానికి పాత పాలసీ వర్తిస్తుంది గాని, మీ స్వంత బండికి జరిగిన నష్టానికి పాలసీ మీ పేరున లేకపోతే కంపెనీ కాదనవచ్చు. డబ్బు ఇవ్వకముందే ఎమ్ పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఇన్సూరెన్సు, ఆర్.సి. గడువులు చూడండి. పోలీసు చలాన్లు ఎన్ని బాకీ ఉన్నాయో కూడా చూడండి. కారు ఆర్.సి. మొదట 15 ఏళ్లకే. ఆపైన పరీక్ష చేయించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 నుండి 5,000కు పెంచారు. పద్నాలుగో ఏట ఉన్న బండి ఎందుకంత చవకగా వస్తుందో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

ఢిల్లీ బండ్లు సగము ధరకు వస్తున్నాయని కొందరు ఆశపడుతున్నారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద 2018లో సుప్రీం కోర్టు ఆంక్షలను సమర్థించినప్పటినుండి అటువంటివి బయటి రాష్ట్రాలకు తరలుతున్నాయి. అక్కడి ఎన్.ఓ.సి., ఇక్కడ రిజిస్ట్రేషన్, మళ్లీ లైఫ్ ట్యాక్సు కలిపితే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది. మన రెండు రాష్ట్రాల మధ్య కూడా 2014 తరువాత ఇదే పద్ధతి. ఆధార్ కార్డులో ఊరి చిరునామాయే ఉంచుకొని హైదరాబాదులో కారు కొనే పిల్లలు ఇక్కడే చిక్కుకుంటున్నారు. అక్కడి అద్దె ఇంటి చిరునామాకు రుజువు ముందుగా సిద్ధము చేసుకోండి. లేకపోతే, "ఊరికి వచ్చినప్పుడు మార్పిద్దాములే" అని ఏళ్లు గడిచిపోతాయి.

యిర్మీయా 32వ అధ్యాయము తీసి చూడండి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యము దిగి ఉంది. ప్రవక్త స్వయముగా చెరసాల ప్రాకారములో ఉన్నాడు. రేపు ఆ దేశమే ఉండదని ప్రకటించినవాడు, అనాతోతులోని పొలమును పదిహేడు తులముల వెండికి కొన్నాడు. వెండి తూచాడు. పత్రము వ్రాశాడు. సాక్షులను పిలిచాడు. ముద్ర వేసినదొకటి, వేయనిదొకటి రెండు ప్రతులు బారూకు చేతికిచ్చి, చాలా దినములు నిలిచేలా మట్టి కుండలో పెట్టించాడు. దేవుని మాట విన్నవాడే ఇంత జాగ్రత్తగా కాగితము వ్రాయించాడు. మక్పేలా గుహకు అబ్రాహాము చేసినదీ అదే. ఊరి గవినియొద్ద అందరూ వినగా నాలుగు వందల తులములు తూచి ఇచ్చాడు. ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు. మనవాళ్లు "విశ్వాసులమే గదా, మనలో మనకు కాగితాలెందుకు" అంటే నాకు ఈ రెండు అధ్యాయాలు గుర్తుకు వస్తాయి.

బండి అప్పగించే రోజున ఒక తెల్లకాగితము మీద డెలివరీ పత్రము వ్రాసుకోండి. బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఆ క్షణాన మీటరులో ఉన్న అంకె, ఇచ్చిన మొత్తము, తేదీ. తేదీతోపాటు గంట కూడా వేయండి. సాయంత్రము నాలుగుకు ఇచ్చిన బండి ఆరింటికి ప్రమాదము చేసిన సందర్భాలుంటాయి. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, కొన్నవారి ఆధార్ నకలు. ఈ పత్రము పేరు మార్పుకు బదులు కాదు; పేరు మారేదాకా మీకున్న ఆధారము మాత్రమే. రెండు ప్రతులు తీసి, అమ్మినవారు ఒకటి, కొన్నవారు ఒకటి ఉంచుకోండి. ఆర్.సి. కొత్త పేరున వచ్చాక దాని ఫొటో ఫోనులో పంపించమని అమ్మినవారు అడిగి తెప్పించుకోవాలి. ఆ పత్రమును పొలము పాసుపుస్తకము ఉన్న పెట్టెలోనే పెట్టండి.